సూది కంటే ముందు పుస్తకం

భక్తి వారమంతా ఇంట్లోనే అలవడాలి. 18వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండులోని ఎప్‌వర్త్‌లో సుసన్నా వెస్లీ తన పిల్లలకు రోజుకు ఆరు గంటలు ఇంట్లోనే చదువు చెప్పారు. ఆడపిల్లకు చక్కగా చదవడం వచ్చాకే కుట్టుపని నేర్పాలన్నది ఆమె నియమం. ఒక్కో బిడ్డతో విడిగా మాట్లాడేందుకు వారంలో ఒక సాయంత్రం కేటాయించేవారు; కుమారుడు జాన్ వెస్లీది గురువారం.

ఇంటి చదువు ఆడపిల్లను నాలుగు గోడల మధ్య బంధించదా అని కొందరి సందేహం. సబబైన సందేహమే. విధేయత ఒక్కటే నేర్పితే ఆ చదువు సంకెలే అవుతుంది. కానీ చదవడం వచ్చిన అమ్మాయి దేవుని వాక్యాన్ని తానే చదివి, తానే ఆలోచించి నమ్ముతుంది. అలాంటి విశ్వాసం గడప దాటాక కూడా తేలిగ్గా చెదరదు. అందుకే తల్లిదండ్రులారా, ఉపదేశంతో పాటు మీ అమ్మాయి ప్రశ్నలు వినే తీరిక కూడా చేసుకోండి.