ఏసీ గార్డ్స్‌లో ఏసీ

ఆఫ్రికన్ డయాస్పోరా కోర్సులో మొదటి వారమే ప్రొఫెసర్ ఒక పని చెప్పారు. మీ ఊళ్ళో ఆఫ్రికా ఆనవాళ్ళు ఎక్కడున్నాయో వెతికి ఒక పేజీ రాసుకు రమ్మన్నారు. నాది హైదరాబాదు, నాకిది వర్తించదేమోనని మెయిల్ పెట్టాను. ఒకసారి వెతికి చూడమని జవాబొచ్చింది.

వెతికాను. మాసాబ్‌ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్. ఇంటర్ చదివిన రెండేళ్ళూ బస్సులో అటే వెళ్ళాను. ఏసీ అంటే ఏమిటని ఎవర్నీ అడగలేదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులో ఆఫ్రికన్ల గుర్రపు దళం. 1948లో సంస్థానం ఇండియాలో కలిశాక ఆ దళం పోయింది, మనుషులు అక్కడే ఉండిపోయారు. వాళ్ళు సిద్దీలు. అక్క పెళ్ళి బరాత్‌లో నేను చెమటలు కక్కుతూ ఆడిన మర్ఫాలో వాళ్ళ చెయ్యి కూడా ఉంది.

సిగ్గేసింది. అంతకంటే ఇబ్బంది పెట్టిన ప్రశ్న వేరే ఉంది. ఇక్కడికొచ్చాక డుబాయిస్‌ని చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాణ్ణి నేను. అంత తేలిగ్గా ఎలా ఏడవగలిగాను?

దూరపు గాయం మనల్ని ఏమీ అడగదు, అందుకు. మిసిసిపీ పత్తి చేలల్లో మా తాత లేడు. ఆ కథలో దోషిని కానని ముందే తెలుసు కాబట్టి బాధితుల పక్కన దర్జాగా కూర్చుంటాను. పైగా ఇక్కడ నా రంగు చూసి నన్నూ వాళ్ళ పక్కనే కూర్చోబెట్టేవాళ్ళున్నారు.

తర్వాత భగత్ సింగ్ థింద్ కేసు చదివాం. తెల్లవాళ్ళకీ, ఆఫ్రికా సంతతివాళ్ళకీ తప్ప పౌరసత్వం ఇవ్వని చట్టం అది. ఆ గీతే తప్పని థింద్ అనలేదు. పై కులం ఆర్యుణ్ణి గనుక నేనూ గీతకి ఇవతలివాణ్ణే అన్నాడు. 1923లో సుప్రీంకోర్టు కాదంది. క్లాసులో కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ వాదన మా ఇంటి భాషలోదే. పనిచేసే ఆవిడకి పెరటి గోడ మీద విడిగా బోర్లించి ఉండే స్టీలు గ్లాసు గుర్తొచ్చింది.

అలాగని చదువు మానేయాలా? ఇతరుల చరిత్రని మన ఇంటి అద్దంగా వాడుకోవడం కూడా స్వార్థమే కదా? చాలా రోజులు ఇక్కడే ఆగిపోయాను. 1946లో అంబేద్కర్ డుబాయిస్‌కి ఉత్తరం రాశారు. నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విజ్ఞాపన కాపీలు పంపమని అడిగారు. ఓదార్పు కోసం కాదు, తన పోరాటంలో పనికొస్తుందని. ఆయన అడగగలిగారు. గాయం ఆయనదీ కాబట్టి. నేను నిలబడ్డ చోటు వేరు. కాబట్టి నేను చేయాల్సిన పనీ వేరు. నాకు ఏడ్చే హక్కు ఉందా లేదా అన్నది పెద్ద ప్రశ్న కాదు. ఇక్కడ నేర్చుకున్న ప్రశ్నని నా ఇంటిమీద కూడా వేయకపోతే ఈ చదువు వట్టి పర్యాటకం.

మొన్న ఫోన్లో అమ్మని ఆ గ్లాసు గురించి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడవన్నీ ఎందుకురా" అంది.

ఇప్పుడే ఎందుకో నాకు తెలుసు. ఆవిడ పేరేమిటో మాత్రం తెలియదు. వచ్చే ఆదివారం అది అడగాలి.