దొంగనోటు - చివరి చెయ్యి

దొంగనోటు విషయంలో మన నీతి చాలా సులువైనది. అచ్చువేసినవాడు ద్రోహి, తెలిసి మార్చినవాడు వాని తోడుదొంగ. మొదటి మాటతో పేచీ లేదు. రెండోదాన్నే తరచి చూడాలి.

సందెవేళ ఆకుకూరలమ్ముకునే మనిషి సంగతి తీసుకోండి. ఐదువందల నోటును అటూ ఇటూ వాల్చితే అందులోని దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి. వెలుతురుకు ఎత్తిపడితే కాగితంలో గాంధీ బొమ్మ కనిపించాలి. రిజర్వుబాంకు పాఠం ఇది. వెనక మరో ఇద్దరు నిలబడివుండగా దాన్ని అప్పజెప్పే తీరిక ఆమెకెక్కడిది? మర్నాడు బాంకువారు దానిమీద నకిలీ ముద్రవేసి ఉంచేసుకుంటారు. రసీదు ఇస్తారు, డబ్బివ్వరు. అదే, నోరు మూసుకుని చీకట్లో ఇంకొకరికి అంటగడితే ఆమెకు నష్టం లేదు.

అలా అంటగట్టిన మనిషీ, దొంగనోట్ల ముఠావాడూ ఒకటేనా? వలసపాలకులదే అయినా 1860 నాటి శిక్షాస్మృతి, నాణేల వరకు, కాదనే చెప్పింది. తెలియక పుచ్చుకుని, ఆపైన తెలిసి మార్చినవానికి 241వ సెక్షన్ కింద మహా అయితే రెండేళ్లు. 1899లో నోట్లకోసం చేర్చిన 489-బి ఆ భేదం పాటించలేదు. యావజ్జీవ ద్వీపాంతరవాసం దాకా పోయింది. 2024 జూలై 1న అమలుకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్‌లో నాణేన్నీ నోటునూ ఒకే గాట కట్టింది. శిక్ష తగ్గించే స్వేచ్ఛ న్యాయమూర్తికి ఉందంటారు. ఉంది, అందాకా కోర్టుచుట్టూ తిరిగేదెవరు?

విచిత్రమేమంటే బాంకులకు ఈ తేడా తెలుసు. ఒకసారికి నాలుగు నోట్ల దాకా నెలసరి నివేదికతో సరి; ఐదైతేనే ఎఫ్.ఐ.ఆర్. మరి ఆ ఒక్క నోటు నష్టం బాంకే ఎందుకు భరించదు? అప్పుడు దొంగలే వరస కడతారని ఆక్షేపణ. ఊరూపేరూ రాయించుకుని, ఏడాదికి ఒక్క నోటుకు ఇస్తే ఏ ముఠా బాగుపడుతుంది? నోటు ఎవరి దగ్గరనుంచి వచ్చిందో ఆమె భయం లేకుండా చెబుతుంది కూడా.

శిక్షనే నమ్ముకున్న దేశం అనుభవం చరిత్రలో ఉంది. 1797లో ఇంగ్లండు బాంకు నోటుకు బంగారమివ్వడం మాని, ఒకటి, రెండు పౌన్ల నోట్లు వదిలింది. అనుకరించడం తేలికైన ఆ కాగితాలు చదువురాని పేదల చేతుల్లో పడ్డాయి. 1821లో మళ్లీ బంగారం చెల్లించేలోగా దొంగనోట్ల నేరంమీద మూడువందల మందికి పైగా ఉరికంబమెక్కారు. 1819లో జార్జి క్రూక్‌షాంక్ అనే చిత్రకారుడు బాంకును ఎగతాళి చేస్తూ ఒక నోటు గీశాడు. దానిమీద వరసగా వేలాడే స్త్రీపురుషులు, పౌను గుర్తు ఉరితాడు, సంతకం తలారిది.