వాక్యమును చేర్చుకొను చెవి



“అయ్యగారూ, ప్రతిదినము బైబిలు చదువుచున్నాను గాని వాక్యము నాతో మాటలాడుట లేదు” అని చెప్పువారు మన గ్రామ సంఘములలో కొందరు కలరు. మరికొందరు ఆరాధన ముగియగానే “నేడు వాక్యము బాగున్నది” అని చెప్పి ఇంటికి పోవుదురు. మొదటివారిని గూర్చి నాకు అంత చింత లేదు. వినబడుట లేదని బాధపడువాడు వినగోరుచున్నాడు గదా. రెండవవారిని గూర్చియే ఈ నెల కొంచెము ఆలోచింతము. వాక్యము బాగుండుట అనగా ఏమి? మనకు ఇష్టమైనది చెప్పుటయా?

రాజుల రెండవ గ్రంథము 22వ అధ్యాయమును, యిర్మీయా 36వ అధ్యాయమును ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చదువుడి. మొదటి దానిలో తండ్రి యోషీయా, రెండవ దానిలో కుమారుడు యెహోయాకీము. ఈ రెండు సంగతుల నడుమ సుమారు 18 ఏండ్లు మాత్రమే గడచినవి. దేవాలయములో దొరకిన ధర్మశాస్త్ర గ్రంథమును శాస్త్రియైన షాఫాను చదువగా యోషీయా తన బట్టలు చింపుకొనెను. యిర్మీయా చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథమును యెహూది చదువగా యెహోయాకీము చాకు తీసి, మూడు నాలుగు పుటలు చదివినప్పుడెల్ల ఆ భాగమును కోసి, ఎదుటనున్న కుంపటిలో వేసెను. చలికాలము, రాజు వెచ్చగా కూర్చున్నాడు. ఒకడు బట్టలు చింపుకొనెను, ఒకడు గ్రంథమును కోసెను. కాల్చవద్దని బ్రతిమాలిన ముగ్గురిలో ఆ షాఫాను కుమారుడైన గెమర్యా ఒకడు.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. యెహోయాకీము వినలేదని చెప్పలేము. చివరివరకు కూర్చుండి అంతయు వినెను. యోషీయాకు వచ్చిన వర్తమానమును తియ్యనిది కాదు. ప్రవక్త్రియైన హుల్దాయొద్ద విచారించినప్పుడు దేశముమీదికి రానున్న ఉగ్రత ఆగదనియే ఉత్తరము వచ్చెను. అతని దినములలో అది రాదని మాత్రము చెప్పబడెను. “ఎట్లును ఆగదు గదా, ఇక నేనెందుకు మారవలెను?” అని అతడు అనుకొనలేదు. జనులందరిని కూర్చి ఆ గ్రంథమును చదివించి, విగ్రహములను తీసివేయించెను. వాక్యమును చేర్చుకొనుట యనగా ఇది. లాభము చూచుకొని వినలేదు.

మనము ఎవరమును బైబిలును కోసి పొయ్యిలో వేయము. అయితే సంవత్సరాంత ఆరాధనలో వాగ్దానపు కార్డులు తీసికొనునప్పుడు మనము చేయుచున్నదేమి? ఆ ఆచారమును నేను తప్పుపట్టుట లేదు. ఒక ముసలమ్మ ఆ చిన్న కార్డును ఏడాదంతయు తలగడ క్రింద పెట్టుకొనిన యెడల దేవుడు ఆమెను విడువడు. కాని ఆ పెట్టెలో ఎన్నడైనను యాకోబు పత్రిక 5:4 వచ్చినదా? కూలివాని కూలి బిగబట్టిన వానిమీద ఆ కూలియే మొఱ్ఱపెట్టునను వచనమది. ఎక్కువగా వచ్చునది యిర్మీయా 29:11. దేవుని ఉద్దేశములు సమాధానకరమైనవని అందులో ఉన్నది, నిజమే. దానికి పై వచనములో 70 సంవత్సరములు అని ఉన్నది. ఇంకను పైన, చెరపట్టబడి పోయిన ఆ పరదేశములోనే ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, ఆ పట్టణముయొక్క క్షేమముకొరకు ప్రార్థింపుడని ఉన్నది. ఇప్పుడు సెల్‌ఫోనులో ప్రతి ఉదయము ఒక వచనము పువ్వుల బొమ్మతో వచ్చుచున్నది. అదియు మంచిదే. కాని 11వ వచనమును ఉంచుకొని 10వ దానిని విడిచిపెట్టిన యెడల, చాకు ఎవరిచేతిలో ఉన్నది?

“అయ్యగారూ, మంచినేల వంటి హృదయము కొందరికే ఉండును, మాది రాతినేల” అని తప్పించుకొనువారును కలరు. విత్తువాని ఉపమానము మన శివ్వంపేట ప్రాంతపు రైతునకు నేను విప్పి చెప్పనక్కరలేదు. అయినను ఒక మాట. ఆ త్రోవ, ఆ రాతినేల, ఆ ముండ్లు నాలుగు దేశములలో లేవు. ఒకే విత్తువాడు చేయి విసరినంత దూరములో ఉన్నవి. త్రోవ మొదట త్రోవ కాదు, పదిమంది నడువగా గట్టిపడిన చేనే అది. ముప్పది ఏండ్లు ప్రతి ఆదివారము వాక్యము విని, ఒక్కటియు చేయకుండ విడిచిన హృదయము అట్లే గట్టిపడును. దేవాలయమునకు రానివానికంటె వచ్చువానికే ఈ ప్రమాదము ఎక్కువ. అయితే గట్టిపడినది దున్నిన మెత్తబడదా? ఎండకాలములో చెరువు ఎండగానే నల్లని ఒండ్రుమట్టిని బండ్లమీద తోలి ఎఱ్ఱచెల్కలో పోయుట మన పెద్దలనాటి పని. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినప్పుడు ట్రాక్టర్లమీద అదే పని జరిగెను. రాళ్లు ఏరి గట్టున వేయని రైతు ఎవడు? యిర్మీయా 4:3లో బీడుభూమిని దున్నుడని ప్రవక్త చెప్పుట ఇందుకే.

అట్లని అంతయు మన చేతిలోనే ఉన్నదని కాదు. మెదకులో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన పెద్ద దేవాలయమును చూచినవారు దాని అద్దపు కిటికీలను ఎరుగుదురు. ప్రభువు జననము, సిలువ, ఆరోహణము పగటివేళ వెలిగిపోవుచుండును. రాత్రివేళ లోపల నిలిచి చూచిన, అంతయు నల్లగా నుండును. అద్దములో రంగులు ఉన్నవి గాని వెలుగు లేదు, అది బయటనుండి రావలెను. ఫిలిప్పీలో లూదియ హృదయమును ప్రభువే తెరచెనని అపొస్తలుల కార్యములు 16:14లో చదువుదుము. కాని ఆమె విశ్రాంతిదినమున ఇంట కూర్చుండక నదియొద్ద ప్రార్థనాస్థలమునకు వచ్చెను. హృదయము తెరువబడిన వెంటనే తన ఇల్లు తెరచి పౌలును, అతని తోటివారిని బలవంతపెట్టి పిలుచుకొనెను. దేవుని భాగమెంత, ఆమె భాగమెంత అని తూకము వేయుట నాకు చేతకాదు. వాన దేవునిదని తెలిసిన రైతు దుక్కి మానడు.

చదువు లేదను సాకును చెల్లదు. దోర్నకల్లులో 1912 నుండి 1945లో తన మరణమువరకు బిషప్పుగా నున్న వేదనాయకము శామ్యూలు అజరయ్యగారి కాలమున సంఘస్థులలో ఎక్కువమంది అక్షరము రానివారే. వారు పది ఆజ్ఞలను, ప్రభువు ప్రార్థనను, విశ్వాస ప్రమాణమును నోటితో నేర్చుకొనిరి. బాప్తిస్మము పొందినవారిని ఆయన తమ తలమీద చేయి పెట్టుకొనుమని చెప్పి, సువార్త ప్రకటింపనియెడల నాకు శ్రమ అను పౌలు మాటను వారిచేతనే పలికించెడివాడు. ఆ మాట విని బాగున్నదని ఇంటికి పోవుటకు వీలులేదు, చేయి తలమీద ఉన్నది.

మన యూరిలో కష్టమైన వాక్యము ప్రకటన గ్రంథములోని ముద్రలు, బూరలు కావు. మత్తయి 5:23, 24 వచనములు. పొలము గట్టు తగాదాలో ఒక జానెడు నేలకొరకు కోర్టుకు తిరుగుచున్న అన్నదమ్ములు ఒకే చాపమీద కూర్చుండి, కానుక విడిచిపోయి మొదట సహోదరునితో సమాధానపడవలెనను మాట విందురు. ఇద్దరును ఆమేన్ అందురు. కానుక సంచి ఇద్దరి ముందును సాగిపోవును. క్రీస్తునందు భేదము లేదని గలతీ పత్రిక 3:28 చదివినప్పుడును ఆమేన్ అందుము, సంబంధము మాట వచ్చినప్పుడు మొదట కులము అడుగుదుము, తరువాత కట్నము. అటువంటి వచనము చదువబడునప్పుడు ఎవరికైన కడుపులో కలత పుట్టినయెడల, కోపము వచ్చినను సరే, వాక్యము వానిని తాకెనని నేననుకొందును.

ఈ నెల ఇంటింట రాత్రి భోజనమైన తరువాత యాకోబు పత్రికను చదువుడి. అయిదే అధ్యాయములు. చదువ వచ్చిన పిల్లవాడు చదువగా పెద్దలు విందురు గాక. ఏ వచనము వచ్చినప్పుడు ఇంటిలో ఎవరును తల ఎత్తలేదో, ఆ వచనమును మరునాడు మరల చదివించుడి.