జాతి ఎక్కడుంది? గాలపగోస్ దీవులు చెప్పే పాఠం

 

ఈసారి మిమ్మల్ని ఒక పడవ ఎక్కించాలనుకుంటున్నాను. నేను ఎక్కిన పడవ కాదిది. అంత ఖర్చు నేను పెట్టుకోలేను, మీలో చాలామందీ పెట్టుకోలేరు. చదివి, సినిమాల్లో చూసి తెలుసుకున్న యాత్ర. అయినా రండి. అక్కడి పాఠం మన ఇంటి గడపకు సంబంధించింది.

దక్షిణ అమెరికాలో ఈక్వెడార్ అనే దేశం ఉంది. దాని తీరం నుంచి పసిఫిక్ సముద్రంలోకి సుమారు వెయ్యి కిలోమీటర్లు పోతే గాలపగోస్ దీవులు వస్తాయి. పెద్దవి పదమూడు, చిన్నవి చాలా. గ్వాయాకిల్ నగరంలో విమానమెక్కి బాల్ట్రా అనే దీవిలో దిగి, అక్కడ పడవ ఎక్కుతారు. తిండి, నిద్ర అంతా పడవలోనే. రాత్రి పడవ నడుస్తుంది, తెల్లారేసరికి ఎదురుగా ఇంకో దీవి ఉంటుంది.

ఆ దీవులన్నీ అగ్నిపర్వతాలు కక్కిన రాయితో పుట్టినవే. భూమి లోపల ఒకచోట వేడి ఎగదన్నుతూ ఉంటుంది. దాని పైనున్న నేల మెల్లగా తూర్పుకు జరుగుతూ ఉంటుంది. అందుకే పడమట ఉన్న ఫెర్నాండినా పడుచు దీవి. అక్కడి అగ్నిపర్వతం 2024 మార్చిలో కూడా నిప్పులు కక్కింది. తూర్పున ఉన్న ఎస్పాన్యోలా ముసలి దీవి, అరిగిపోయి చదునైపోయింది. అంతకన్నా ముందు పుట్టినవి ఎప్పుడో సముద్రంలో మునిగిపోయాయి. అనిత్యత అని మనం రోజూ చెప్పుకుంటాం. అక్కడ ఒక్కో దీవి మీద కాలు పెట్టి దాన్ని చూడొచ్చు.

పడవ దిగేముందు గైడు నియమాలు చెబుతాడు. అక్కడ పార్కు అనుమతి ఉన్న గైడు లేకుండా ఎవరూ జంతువుల మధ్యకు పోకూడదు. ఒక్కో గైడు వెంట పదహారు మందికి మించకూడదు. గుర్తు పెట్టిన బాట దాటకూడదు. చిన్న రాయి, గవ్వ కూడా తీసుకోకూడదు. జంతువుకు రెండు మీటర్ల దూరంలో ఉండాలి, ముట్టుకోకూడదు.

"ముట్టుకోవద్దు" అన్న మాట వింటే మన గుండె కలుక్కుమంటుంది. మన తాతలు ఆ మాట వింటూనే బతికారు. కానీ ఇక్కడ ఆ మాట ఎవరి మేలు కోసమో చూడండి. అక్కడి జంతువులకు మనిషంటే భయం తెలీదు. సముద్ర సింహం పిల్ల మన కాళ్ల దగ్గరికే వస్తుంది. దాని తల్లి దాన్ని వాసనతో, గొంతుతో గుర్తుపడుతుంది. మన చేతి వాసన దానికి అంటకూడదని ఆ నియమం. ఒకచోట దూరం పెట్టింది అసహ్యంతో, ఇంకోచోట దూరం పెట్టింది మైత్రితో. మాట ఒకటే అయినా చేతన వేరు. తథాగతుడు చేతననే కర్మ అన్నాడు కదా.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

ఆ దీవుల్లో పెద్ద తాబేళ్లు ఉన్నాయి. తేమ, పచ్చిక ఉన్నచోట వాటి డిప్ప గుండ్రంగా బోర్లించిన గంపలా ఉంటుంది. ఎండు దీవుల్లో డిప్ప ముందు భాగం పైకి లేచి, గుర్రం జీనులా ఉంటుంది. నాగజెముడు మట్టల్ని మెడ చాచి అందుకోవాలి మరి. ఫించ్ అనే చిన్న పిట్టలున్నాయి. ఒకదాని ముక్కు పట్టకారులా లావు, ఒకదానిది సూదిలా సన్నం.

1835లో చార్లెస్ డార్విన్ బీగిల్ అనే ఓడలో ఇక్కడికొచ్చి అయిదు వారాలున్నాడు. డిప్ప చూసి ఇది ఏ దీవి తాబేలో చెప్పగలనని అక్కడి అధికారి ఒకాయన ఆయనకు చెప్పాడు. డార్విన్ అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. పిట్టల్ని కూడా ఏది ఏ దీవిదో సరిగా రాసుకోలేదు. లండన్ తిరిగొచ్చాక, 1837లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త ఆ చర్మాలు పరీక్షించి, ఇవి ఒకే కుటుంబానికి చెందిన వేర్వేరు జాతులని తేల్చాడు. ఒకే మూలం నుంచి వచ్చి మారుతూ పోయాయన్న ఆలోచన డార్విన్‌లో గట్టిపడింది. 1859లో పుస్తకంగా వచ్చింది.

ఆ పిట్టల చర్మాలు కుళ్లకుండా లండన్ దాకా ఎలా వచ్చాయి? చచ్చిన పక్షి చర్మం ఒలిచి, గడ్డి కూరి నిలబెట్టే పని డార్విన్‌కు ఎడిన్‌బరోలో చదువుకునే రోజుల్లో ఒకాయన నేర్పాడు. ఆయన పేరు జాన్ ఎడ్మన్‌స్టన్. గయానాలో బానిసగా పుట్టి విముక్తి పొందిన నల్లజాతి మనిషి. చచ్చిన గొడ్డు తోలు తీసే పని చేశారని మన పెద్దల్ని ఊరి బయట ఉంచిన దేశం మనది. ఆ పనే ఒక బానిస బిడ్డ చేతి నుంచి ప్రపంచ విజ్ఞానానికి అందింది. ఈ సంగతి మీ పిల్లలకు చెప్పండి.

మళ్లీ దీవులకు వద్దాం. డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి దశాబ్దాల పాటు పిట్టల్ని కొలిచారు. 1977లో వానల్లేవు. మెత్తటి చిన్న గింజలు అయిపోయాయి. మిగిలింది పల్లేరు జాతి ముళ్ల కాయ. మన పొలం గట్ల మీద కాలికి గుచ్చుకునే పల్లేరు కాయకు దగ్గరి చుట్టం అది. దాన్ని పగలగొట్టగల లావు ముక్కు పిట్టలు ఎక్కువగా బతికాయి, చాలా పిట్టలు చచ్చిపోయాయి. తర్వాతి తరానికి ముక్కులు సగటున లావయ్యాయి. 1983లో విపరీతంగా వానలు పడి చిన్న గింజలు పెరిగితే మళ్లీ చిన్న ముక్కులకు కాలం కలిసొచ్చింది. కారణం మారితే ఫలితం మారింది. ఏ దేవుడూ ఏ ముక్కునూ శాశ్వతంగా చెక్కిపెట్టలేదు.

బుద్ధుడు జీవశాస్త్రం చెప్పాడని నేననను. అలాంటి గొప్పలు మనకొద్దు. కానీ సుత్తనిపాతంలో వాసెట్ఠ సుత్తం ఉంది. బ్రాహ్మణుడు పుట్టుకతో అవుతాడా, పనితో అవుతాడా అని ఇద్దరు బ్రాహ్మణ యువకులు తగువుపడి తథాగతుని దగ్గరికి వచ్చారు. ఆయన వాళ్లకు ముందు ప్రకృతిని చూపించాడు, గడ్డిని, చెట్లను, పురుగుల్ని, పాముల్ని, చేపల్ని, పక్షుల్ని. వీటిలో పుట్టుకతో వచ్చిన గుర్తులున్నాయి, చూస్తే తెలుస్తుంది అన్నాడు. తర్వాత మనిషిని చూపించాడు. జుట్టులో, చెవిలో, కంటిలో, పెదవిలో ఎక్కడా అలాంటి గుర్తు లేదన్నాడు. మనుషుల మధ్య తేడాలు పిలుపులో మాత్రమే ఉన్నాయన్నాడు.

కులం రక్తశుద్ధి కోసమేనన్న వాదాన్ని బాబాసాహెబ్ కూడా 1936లో "కుల నిర్మూలన"లో కొట్టిపారేశారు.

ఇంకొక్క మాట. డాఫ్నే దీవిలో వేర్వేరు జాతుల పిట్టలు అప్పుడప్పుడూ జతకట్టడం, ఆ పిల్లలు బతికి మళ్లీ పిల్లల్ని పెట్టడం గ్రాంట్ దంపతులు చూశారు. ముక్కులే వేరైన పిట్టల మధ్య కూడా ప్రకృతి పూర్తిగా తలుపు మూయలేదు. ఏ గుర్తూ లేని మనుషులం మనం గడియ వేసుకున్నాం.

ఇది పైకులాల వాళ్ల గురించి చెబుతున్నాననుకోకండి. నా గురించే చెబుతున్నాను. మా అక్క కూతురికి ఒక సంబంధం ఉందని మిత్రుడొకాయన ఫోన్ చేశాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "వాళ్లు ఎవరన్నా?"

"బౌద్ధులు తమ్ముడూ. ఇంటిల్లిపాదీ దీక్ష తీసుకున్నారు."

"అది కాదన్నా..." అన్నాను. అక్కడ ఆగిపోయాను. ఆయన కూడా ఏమీ అనలేదు.

"అది కాదు" అంటే మరి ఏది? మాలా, మాదిగా అనేగా నేను అడగబోయింది! 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇప్పించిన 22 ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమన్న ప్రతిజ్ఞ ఉంది. పదిమంది ముందు దాన్ని ఎన్నిసార్లు చదివించానో నాకే లెక్కలేదు. ఆ రాత్రి అన్నకు మళ్లీ ఫోన్ చేశాను. క్షమించమని అడిగి, ఈసారి అడగాల్సినవి అడిగాను. అబ్బాయి తాగుతాడా? సంపాదన నీతిగా ఉందా? ఇంట్లో ఆడవాళ్లతో ఎలా మాట్లాడతాడు? అవి శీలానికి సంబంధించిన ప్రశ్నలు. వాటికి జవాబులున్నాయి.

ధమ్మ బంధువులారా, మీరూ ఒకసారి చూసుకోండి. విహారానికి కొత్తవాళ్లు వచ్చినప్పుడు, పిల్లకు సంబంధం వచ్చినప్పుడు, అద్దెకు ఇల్లు ఇచ్చేటప్పుడు మీ మనసులో లేచే మొదటి ప్రశ్న ఏమిటి? అది లేవగానే గమనించండి. గమనిస్తే నోటిదాకా రాకుండా ఆపొచ్చు. ఈసారి పొలంలో పల్లేరు కాయ గుచ్చుకుంటే దాన్ని తీసి పారేస్తూ డాఫ్నే పిట్టల్ని తలుచుకోండి. ముల్లు కాల్లో ఉంచుకుని ఎంత దూరం నడుస్తాం?

భవతు సబ్బ మంగళం. జై భీమ్.