పాట భాష, పాట బోధ

ప్రజల భాషలో పాడినవాడు ప్రజల పక్షాన నిలిచినట్లేనా? మన అభ్యుదయ విమర్శ చాలాసార్లు ఈ ప్రశ్నకు అవుననే జవాబు చెప్పింది. ఆదోని ప్రాంతంలో స్థిరపడిన ఒక వాగ్గేయకారుని జీవితం ఆ జవాబును మళ్ళీ పరీక్షించమంటున్నది.

విజయదాసు 1682లో, నేటి రాయచూరు జిల్లా చీకలపర్విలో, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. పేదరికం భరించలేక ఇల్లు విడిచాడనీ, కాశీ వెళ్ళివచ్చి దాసుడయ్యాడనీ అంటారు. కన్నడంలో ఎన్నో పాటలు కట్టాడు. వేర్వేరు తాళాలను ఒకే రచనలో వరుసగా నడిపించే సుళాదిలో ఆయనది అందెవేసిన చేయి. 1755లో ఆలూరు దగ్గరి చిప్పగిరిలో కన్నుమూశాడు. బళ్ళారి జిల్లా నుండి ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో ఆంధ్రరాష్ట్రంలో చేరాయి గనుక, ఆ కన్నడ కవి చివరి నెలవు నేడు మన గడ్డమీద ఉన్నది.

మాన్విలో ఒక సంస్కృత పండితుడు విజయదాసు కన్నడ పాటను చిన్నచూపు చూసి, ఆయన పిలిచిన పంక్తికి రాలేదనీ, చివరకు ఆ పండితుడే జగన్నాథదాసై అదే కన్నడంలో రచన చేశాడనీ సంప్రదాయం చెప్తుంది. ఈ కథ మనకు నచ్చుతుంది. కాని ఇక్కడితో ఆగితే సగమే చెప్పినట్లు.

విజయదాసు ఆ భాషలో బోధించినదేమిటి? మధ్వసిద్ధాంతం. జీవులు స్వభావంచేతనే ఎక్కువ తక్కువలనీ, ముక్తికి తగినవారు కొందరు, నిత్యం సంసారంలో తిరిగేవారు కొందరు, అంధకారానికే తగినవారు మరికొందరనీ ఆ సిద్ధాంతం చెప్తుంది. అసమానతను వీధి భాషలోనూ శ్రావ్యంగా పాడవచ్చునన్నమాట!

నార్వే స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ పల్లె వాద్యకారుల నాట్యగతులను పియానోకు మలిచాడు. అంతమాత్రాన ఆయన అభ్యుదయవాది కాలేదు. 1899లో డ్రైఫస్‌కు జరిగిన అన్యాయానికి నిరసనగా పారిస్ కచేరీ ఆహ్వానాన్ని తిరస్కరించాడు. అది వేరే నిర్ణయం. దానికి వేరే ధైర్యం కావలసివచ్చింది.

అయితే భాషకు విలువే లేదా? ఉన్నది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చొరవతో 1938లో చేనేత సహకార సంఘం ఏర్పడింది. అటువంటి సంఘంలో సభ్యుడు లెక్కను నిలదీయాలంటే, ముందు ఆ లెక్క అతనికి తెలిసే భాషలో ఉండాలి. తెలిసే భాషలో ఉన్నంతమాత్రాన లెక్క సరైనదైపోదు. కాని తెలియని లెక్కకు తల ఊపడం తప్ప గత్యంతరం లేదు.

విజయదాసు చేసిన మేలు ఇదేనని నా అభిప్రాయం. శాస్త్రాన్ని ఆయన జనం భాషలోకి దించాడు. తాను కోరకపోయినా, జవాబు చెప్పే హక్కును కూడా జనానికి ఇచ్చాడు. ఆయనను సంఘసంస్కర్తగా చిత్రించి పూలదండలు వేయడం అబద్ధం. భక్తుడని పక్కకు నెట్టడం సోమరితనం. సుళాదిని సుళాదిగా విందాం, అందులోని తత్త్వంతో తలపడదాం. ఆ వారసత్వానికి మనం తీర్చవలసిన బాకీ ఆ జవాబే.