సగం పేరు

కొరియా రెవెన్యూ స్టాంపులు పోగుచెయ్యడం నాకున్న పిచ్చి. "ఎవరో చేసిన అప్పుకి మనింట్లో ఆల్బమ్ ఎందుకండీ?" అంటుంది మా ఆవిడ. నవ్వేసేవాణ్ణి.

ప్రోనోటు మీద మనం స్టాంపుకి అడ్డంగా సంతకం చేస్తాం. కొరియాలో పేరు చెక్కిన ముద్ర వేసేవారు. సగం బిళ్ళమీద, సగం కాగితంమీద పడాలి. ఆ బిళ్ళని మళ్ళీ ఇంకెవరూ వాడకుండా.

ఓసారి జపాన్ ఏలుబడి (1910-45) నాటి అప్పుపత్రం దొరికింది. స్టాంపు మీద ఆశకొద్దీ నీళ్ళలో నానబెట్టి ఊడదీశాను. ఆరాక చూద్దును కదా, బిళ్ళమీద సగం పేరు, కాగితంమీద సగం!

1940లో అక్కడివాళ్ళని జపాన్ పేర్లు పెట్టుకొమ్మని ప్రభుత్వం ఒత్తిడి చేసింది. సొంత పేర్లు తిరిగిచ్చే చట్టం 1946లో గాని రాలేదు. వాళ్ళు అధికారంతో చేశారు, నేను సరదాకి చేశాను. తెగిన పేరుకి ఆ తేడా తెలుస్తుందా?

డబ్బిచ్చి కొన్నాను, కాగితం నాదే. అందులోని మనిషి కూడా నావాడేనా?

ఇప్పుడు ఏ పత్రాన్నీ తడపను. ఆ రెండు ముక్కల్నీ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టాను. మా ఆవిడ చూసి, "పాపం, అప్పు తీర్చాడో లేదో!" అంది.

ఆయన సంగతేమో గాని, నా బాకీ అలాగే ఉంది.