కూలెంటు మాలిన్యం, కారణ నిర్ణయం: న్యాయదర్శన దృష్టి

ఒకే కార్యం అనేక కారణాల వల్ల పుట్టగలిగినప్పుడు, కార్యాన్ని మాత్రమే చూసినవాడు దాని కారణాన్ని నిశ్చయంగా చెప్పగలడా అన్నది భారతీయ తత్త్వచింతనలో చాలా పాత ప్రశ్న. న్యాయసూత్రాలకు భాష్యం రచించిన వాత్స్యాయనుడి ప్రకారం న్యాయం, అంటే ప్రమాణాలతో అర్థాన్ని పరీక్షించడం, బొత్తిగా తెలియని విషయంలోనూ ప్రవర్తించదు, ఇదివరకే నిర్ణయమైపోయిన విషయంలోనూ ప్రవర్తించదు. సంశయం ఉన్నచోటే దానికి పని. ఏళ్ల తరబడి తిరిగి, చేతులు మారిన సెకండ్ హ్యాండ్ కారు బానెట్ ఎత్తి చూసినప్పుడు, పచ్చగానో గులాబీ రంగులోనో ఉండవలసిన కూలెంటు పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే కలిగేది అటువంటి సంశయమే. ఆ సంశయం ఎలా తీరాలన్నది ఒక కుటుంబం కూడబెట్టిన సొమ్ముకు సంబంధించిన విషయం కనుక, దానిని తర్కశాస్త్రపు గంభీరతతోనే పరిశీలించడం ఉచితం.

కూలెంటు అంటే ఇథిలీన్ గ్లైకాల్, నీరు ఇంచుమించు సగం సగం కలిపి, లోహాలు తుప్పు పట్టకుండా కొన్ని రసాయనాలు చేర్చిన ద్రవం. ఇంజను గోడల లోపలి మార్గాల్లో తిరుగుతూ వేడిని రేడియేటర్‌కు చేరవేయడం దాని పని. దాని రంగు కేవలం కలిపిన అద్దకం వల్ల వచ్చేదే గనుక, రంగును బట్టి దాని రకాన్ని కచ్చితంగా నిర్ణయించడం కుదరదు. అది మలినం కావడానికి కారణాలు అనేకం. కూలెంటుకు బదులు బోరు నీళ్లు పోస్తూ పోతే తుప్పు, సున్నపు పొర పేరుకుంటాయి. పొసగని రెండు రకాల కూలెంట్లు కలిస్తే జిగురు కట్టవచ్చు. కారుతున్న రేడియేటర్‌ను తాత్కాలికంగా మూయడానికి పాత యజమాని వేసిన పొడి గోధుమరంగు మడ్డిగా మిగలవచ్చు. ఆయిల్ కూలర్ చిట్లి ఇంజన్ ఆయిల్ అందులో కలవవచ్చు. ఆటోమేటిక్ బండ్లలో రేడియేటర్ లోపలి గొట్టం పగిలి గేర్‌బాక్స్ ఆయిల్ చేరవచ్చు. చివరగా, ఇంజను బ్లాకుకు, పైనున్న హెడ్‌కు మధ్య ఆయిల్, నీరు, మంట దారులను వేరుచేసే హెడ్ గాస్కెట్ దెబ్బతిని ఉండవచ్చు.

ఇన్ని కారణాలున్నచోట, కూలెంటు గోధుమరంగులో ఉన్నది గనుక హెడ్ గాస్కెట్ పోయిందని తేల్చడం తార్కికులు సవ్యభిచారమని పిలిచే దోషానికి నిదర్శనం. సాధ్యం, అంటే నిరూపించదలచిన విషయం, ఉన్నచోటా లేనిచోటా కూడా కనిపించే హేతువును సవ్యభిచారం అంటారు. ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో బాలబోధకు రచించిన తర్కసంగ్రహంలో హేత్వాభాసాలు, అంటే హేతువుల్లా కనిపించే దొంగ హేతువులు, ఐదింటిలో మొదట లెక్కించినది దీనినే.

న్యాయసూత్రాల రెండవ అధ్యాయంలో అనుమాన ప్రమాణాన్నే, అంటే హేతువును బట్టి తెలియనిదానిని ఊహించడాన్నే, కొట్టివేసే ఒక పూర్వపక్షం ఉన్నది. ఏరు నిండుగా పారుతున్నది గనుక ఎగువన వాన కురిసిందని ఊహిస్తారు, కాని కట్ట వేసి నీటిని ఆపినా ఏరు నిండుతుంది, కాబట్టి అనుమానం నమ్మదగినది కాదు అన్నది ఆ వాదం. దీనికి వాత్స్యాయనుడు ఇచ్చిన సమాధానం ఎంతో లోతైనది. వాన పడిందని ఊహించే వివేకి ఏరు నిండటాన్ని మాత్రమే చూడడు. ప్రవాహపు వేగాన్ని, నురగను, కొట్టుకువస్తున్న పండ్లను, ఆకులను, కట్టెలను కూడా చూస్తాడు. వీటన్నిటితో కూడిన నిండుదనమే హేతువు గాని వట్టి నిండుదనం కాదు. హేతువు కానిదానిని హేతువుగా పట్టుకున్నవాడిదే అపరాధం, అనుమానానిది కాదు. నైయాయికుడైన ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో గడ్డి నుంచి, అరణి నుంచి, సూర్యకాంతమణి నుంచి పుట్టే అగ్నులను చర్చిస్తూ, కారణాలు వేరైనచోట కార్యాలలో కూడా జాతిభేదం ఉంటుందన్న మార్గాన్ని బలపరిచాడు. ఒకే కార్యానికి అనేక కారణాలన్న మాట, కార్యాన్ని స్థూలంగా చూసినంతవరకే నిలుస్తుంది.

మలినమైన కూలెంటు విషయంలో ఈ సిద్ధాంతం అక్షరాలా వర్తిస్తుంది. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత (వేడి మీద మూత తీస్తే ఒత్తిడితో ఎగజిమ్మి ఒళ్లు కాల్చుతుంది) కొంచెం ద్రవాన్ని గాజు సీసాలోకి తీసి కదపకుండా ఉంచితే, తుప్పు రేణువులు అడుగుకు చేరతాయి, ఆయిల్ పైకి తేలుతుంది. బాగా చిలికినట్లు కలిసిపోయిన ఆయిల్ మాత్రం వేరుపడడానికి చాలా సమయం తీసుకుంటుంది. ఆయిల్ ఉన్నదని తేలితే తరువాతి ప్రశ్న అది ఏ దారిన వచ్చిందన్నది. ఇంజను నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి సాధారణంగా కూలెంటు ఒత్తిడి కంటే చాలా ఎక్కువ గనుక, ఆయిల్ కూలర్ చిట్లినప్పుడు ఆయిల్ కూలెంటులోకి చొరబడుతుంది గాని, డిప్‌స్టిక్ మీది ఆయిల్ శుభ్రంగానే ఉండవచ్చు. కూలెంటులో ఆయిల్, ఆయిల్‌లో నీరు లేకపోవడం, ఈ రెండూ కలిసిన లక్షణం ఆయిల్ కూలర్ వైపు బలంగా చూపుతుంది. మంట దారి తెగిన గాస్కెట్‌కు మరొక పరీక్ష ఉన్నది: రేడియేటర్ పైభాగంలోని గాలిని నీలిరంగు ద్రవం గుండా పంపితే, అందులో ఇంజను పొగ ఉన్నప్పుడు బొగ్గుపులుసు వాయువు వల్ల అది పసుపుపచ్చగా మారుతుంది. రంగు మారకపోతే గాస్కెట్ బాగున్నట్లు రుజువు కాదు. ఆయిల్ దారికి, నీటి దారికి మధ్య మాత్రమే అది తెగి ఉండవచ్చు.

పొగ కానిదానిని పొగ అనుకోవడం స్వరూపాసిద్ధమనే మరొక దోషం. హేతువే పక్షంలో, అంటే చర్చిస్తున్న వస్తువులో, లేదని దాని అర్థం. చలి ఉదయాన కారు వెనుక గొట్టం నుంచి వచ్చే తెల్లని ఆవిరిని చూసి కూలెంటు మండుతున్నదని భయపడటం, తక్కువ దూరాలే తిరిగే బండి ఆయిల్ మూత కింద చెమ్మతో ఏర్పడే తెల్లని మీగడ వంటి పొరను చూసి గాస్కెట్ తెగిందనడం, ఈ దోషానికే చెందుతాయి.

శబ్దప్రమాణం, అంటే విశ్వసనీయుడి మాట, ఇక్కడ రెండంచులు గలది. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పగోరేవాడే ఆప్తుడని, ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఆ లక్షణం ఒకటేనని వాత్స్యాయనుడు చెప్పాడు. పుట్టుకతో నిమిత్తం లేకుండా, చేతులకు గ్రీజు అంటిన మెకానిక్ ఆ లక్షణానికి సరిపోతే అతడే ఆ విషయంలో ఆప్తుడు. అమ్మేవాడికి విషయం తెలిసినా చెప్పాలన్న కోరిక ఉండకపోవచ్చు. ఒక మోడల్ చరిత్ర కూడా ఆప్తవాక్యంలా పనిచేస్తుంది: అమెరికాలో అమ్ముడైన 2005-2010 నాటి నిస్సాన్ పాత్‌ఫైండర్, ఎక్స్‌టెర్రా, ఫ్రాంటియర్ బండ్లలో రేడియేటర్ లోపల గేర్‌బాక్స్ ఆయిల్, కూలెంటు కలిసిపోయే లోపం కోర్టుల దాకా వెళ్లింది గనుక, అటువంటి బండిలో మొదట అనుమానించవలసినది గాస్కెట్‌ను కాదు.

లక్షణాలు స్పష్టంగా లేని వ్యాధిని ఉపశయంతో, అంటే చికిత్స ఇచ్చి గుణాన్ని గమనించడంతో, పరీక్షించాలని చరకసంహిత విధించింది. డిప్‌స్టిక్ మీద నీటి జాడ లేనప్పుడు మాత్రమే, వ్యవస్థను కడిగి కొత్త కూలెంటు పోసి, మడ్డి తిరిగి వస్తుందేమో చూడటం ఆ పద్ధతికి సమానం. నీటి జాడ ఉంటే అలా నడపడం బేరింగులను పాడుచేస్తుంది. గొట్టాలకు పట్టిన పాత ఆయిల్ ఒకటి రెండుసార్లు కడిగిన తరువాత కూడా ఊరుతుంది కాబట్టి, మొదటిసారి కనిపించిన జిడ్డును కొత్త లీకుకు రుజువుగా తీసుకోకూడదు.

అన్ని కాలాలకూ చెల్లే వ్యాప్తిని, అంటే హేతుసాధ్యాల విడదీయరాని సంబంధాన్ని, ఎవరూ చూడలేరు గనుక ఏ అనుమానమూ నిశ్చయం కాదని చార్వాకులు అంటారు. శంకకు తన ప్రవర్తనతోనే విరోధం వచ్చేచోట అది ఆగిపోతుందని ఉదయనుడు బదులిచ్చాడు. పరీక్షలు చేసి, లోపం సరిచేసి, కుటుంబాన్ని ఎక్కించుకుని బయలుదేరినవాడు ఇంకా సందేహం ఉన్నదని నోటితో అన్నా, అతని ప్రవర్తన నిశ్చయాన్నే చెబుతుంది. అయితే ఆ నిశ్చయానికి అర్హత పరీక్షల వల్లనే వస్తుంది. అందుచేత పాత కారు కొన్నవారు, గాజు సీసాలో నమూనా చూడకుండా, డిప్‌స్టిక్ తీయకుండా, ఆయిల్ కూలర్‌ను విడిగా పరీక్షించకుండా హెడ్ విప్పాలని ఎవరు చెప్పినా, హేతువు ఏమిటో అడిగి, అది వినిన తరువాతనే ఒప్పుకోవాలి. తీసిన కూలెంటు తియ్యగా ఉండే విషం గనుక, దానిని పిల్లలకు, పశువులకు అందేచోట పారబోయకూడదు.